పిల్లలకు ఉగ్రవాదం ఎలా అర్థమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ కాల్పులు జరిగినా రెండు రోజుల్లో నాకు అవే ప్రశ్నలు వస్తాయి. అడిగే తల్లిదండ్రులు మారతారు, టీచర్లు మారతారు, ప్రశ్నలు మారవు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పి చెప్పి, చివరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వయసు వారీగా ఉన్నాయి. మీకు పనికొచ్చేది చదువుకుని మిగతావి వదిలేయొచ్చు.

## వయసుతో పని లేనివి

ఉగ్రవాదం అంటే ఏంటని అడిగితే ఒక్క వాక్యంలో ఏం చెప్పాలి?

"అందరినీ భయపెట్టి తమ మాట నెగ్గించుకోవడానికి, ఏ సంబంధమూ లేని మామూలు మనుషుల్ని కావాలని చంపడం." ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇది చాలు. ఇందులో ఏ మతం పేరూ లేదు, ఏ దేశం పేరూ లేదు, గమనించండి. చెప్పలేకపోయానే అని మీరు సిగ్గుపడనక్కర్లేదు. ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం కావాలని భారత్ 1996లో ఐక్యరాజ్యసమితి ముందు ముసాయిదా పెట్టింది. ఎవరిని ఉగ్రవాది అనాలి, ఎవరిని అనకూడదు అన్న దగ్గరే చర్చ ఇరుక్కుపోయింది. దేశాలే తేల్చుకోలేని మాటను పిల్లవాడు నిద్రపోయే ముందు మిమ్మల్ని అడుగుతున్నాడు.

దేశాన్ని బట్టి పిల్లల అవగాహన నిజంగా మారుతుందా? పిల్లలు ఎక్కడైనా పిల్లలే కదా?

సగం మారుతుంది, సగం మారదు. నాకేమైనా అవుతుందా, అమ్మానాన్నలకేమైనా అవుతుందా, మళ్లీ జరుగుతుందా అన్న మూడూ ఏ దేశంలోనైనా పిల్లల నోట ముందుగా వచ్చే ప్రశ్నలే. తేడా వచ్చేది "ఎవరు చేశారు", "ఎందుకు చేశారు" అన్న చోట. ఆ ఖాళీని పిల్లలు సొంతంగా నింపుకోలేరు, చుట్టూ ఉన్న పెద్దవాళ్ల మాటలతో నింపుకుంటారు.

2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికాలో పెరిగిన చాలామంది పిల్లల ఊహలో ఉగ్రవాది అంటే ఎక్కడో దూరం నుంచి విమానంలో వచ్చినవాడు. నార్వే పిల్లలకు అలా కాదు. 2011 జూలై 22న ఓస్లోలో, ఉటోయా దీవిలో 77 మందిని చంపినవాడు నార్వేవాడే. తమ భాషే మాట్లాడేవాడు, తమలాగే కనిపించేవాడు. నైజీరియా ఈశాన్య ప్రాంతంలో పరిస్థితి ఇంకా చిక్కు. అక్కడ తుపాకీ పట్టుకున్నవాడు నిన్నటిదాకా పక్కింట్లో ఆడుకున్న అన్న కావచ్చు, ఉగ్రవాదులే వాణ్ని ఎత్తుకెళ్లి అలా చేసి ఉండొచ్చు. ముగ్గురు పిల్లల్నీ ఉగ్రవాది బొమ్మ గీయమంటే ఒకటే బొమ్మ రాదు.

ఒక్కో భాషలో ఈ మాట ఒక్కోలా ఉంటుంది కదా. దానివల్ల తేడా ఉంటుందా?

కొంత ఉంటుందనే నా అభిప్రాయం. ఇంగ్లీషు "టెర్రర్", అరబిక్ "ఇర్హాబ్", హిందీ "ఆతంక్" అన్నిటి వెనకా ఉన్నది భయం. చైనీస్‌లోనూ ఆ మాట భయం అన్న పదంతోనే మొదలవుతుంది. అంటే మాటలోనే బాధితుడి వైపు నుంచి చూపు ఉంది. తెలుగులో "ఉగ్రవాదం" చేసేవాడి ఆవేశాన్ని చెబుతుంది, "తీవ్రవాదం" ఆ ఆవేశం ఎంతో చెబుతుంది. భయపడ్డవాళ్లు రెండిట్లోనూ కనిపించరు. పైగా ఉగ్రనరసింహుడి కథ విన్న పిల్లలకు "ఉగ్ర" అంటే దేవుడి కోపం. "మరి దేవుడి కోపం మంచిదే కదా?" అని ఒక పాప అడిగింది. తడుముకోక తప్పలేదు. అందుకే చిన్నపిల్లలకు ఆ పదం నేర్పే ముందు, జరిగిందేంటో మామూలు మాటల్లో చెప్పడం మేలు.

## మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు

మూడేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? చెప్పకుండా ఊరుకుంటే పోదా?

వార్త తెలియదు, మీ మొహం తెలుస్తుంది. ఫోన్‌లో మీరు గొంతు తగ్గించి మాట్లాడటం, టీవీ ముందు నోట్లో వేలేసుకుని నిలబడిపోవడం చూస్తుంది. మీరు చెప్పకపోతే తనే కారణం వెతుక్కుంటుంది. ఈ వయసులో అది చాలాసార్లు "నేనేదో తప్పు చేశాను" అన్న దగ్గరికి పోతుంది. "దూరంగా ఒకచోట కొందరికి దెబ్బలు తగిలాయి. అందుకే అమ్మకు బాధగా ఉంది. నువ్వేం చేయలేదు. నేను నీ దగ్గరే ఉన్నాను." ఇంతకు మించి అక్కర్లేదు.

బ్లాకులతో టవర్ కట్టి బొమ్మ విమానంతో కూలుస్తున్నాడు. ఆపించాలా?

వెంటనే ఆపకండి, కాసేపు పక్కన కూర్చుని చూడండి. 2001 తర్వాత ఎన్నో దేశాల్లో పిల్లలు ఇదే ఆట ఆడారు. నోటితో చెప్పలేనిది చేతులతో చెప్పుకోవడం అది.

చూడాల్సింది ఆట కదులుతోందా, ఒకేచోట ఆగిపోయిందా అని. నేను చూసిన ఒక ఐదేళ్ల బాబు మూడు రోజులు కట్టడం, కూల్చడం, మళ్లీ కట్టడం. నాలుగో రోజు టవర్‌కి బయటవైపు పుస్తకం ఒకటి ఏటవాలుగా ఆనించాడు. "ఇదేంటి?" అంటే "జారుడుబండ, అందరూ దీని మీద దిగిపోతారు" అన్నాడు. ఆ ఆటకు ఇక పెద్దవాళ్ల సాయం అక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఆట కూడా ఉంది. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో స్కూలు బస్సులో ఉన్న 26 మంది పిల్లల్ని కిడ్నాప్ చేసి, భూమిలో పూడ్చిన ట్రక్కులో బంధించారు. వాళ్లు బతికి బయటపడ్డారు. తర్వాత వాళ్లను ఏళ్ల తరబడి గమనించిన మానసిక వైద్యురాలు లెనోర్ టెర్, పెద్ద గాయం తర్వాతి ఆట ఎలా ఉంటుందో వివరించారు. అదే ఆట, అదే ముగింపు, మొహంలో సరదా ఉండదు, ఆడాక భయం తగ్గకపోగా పెరుగుతుంది. మీ పిల్లవాడి ఆట వారాల తరబడి అలా ఉంటే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

చనిపోయినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతోంది. దేవుడి దగ్గరికి వెళ్లారని చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ అదొక్కటే చెప్పి ఆపకండి. చావు అంటే తిరిగి రావడం ఉండదని పిల్లలకు తెలిసేది సుమారుగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. అంతకుముందు "వెళ్లిపోయారు" అంటే "వస్తారు" అనే అర్థం చేసుకుంటారు. "వాళ్ల శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక రారు" అని ముందు చెప్పి, తర్వాత మీ ఇంటి నమ్మకం చెప్పండి.

రెండూ చెబితే పిల్లలు తికమకపడతారని చాలామంది భయం. స్పెయిన్‌లోనూ మడగాస్కర్‌లోనూ జరిగిన పరిశోధనల్లో తేలిందేంటంటే, పిల్లలు ఈ రెండిటినీ పక్కపక్కనే పెట్టుకోగలరు. వైద్యానికి సంబంధించిన కథ చెప్పి అడిగితే "అంతా ఆగిపోతుంది" అంటారు. మతం, కర్మకాండల నేపథ్యంలో కథ చెప్పి అడిగితే అదే పిల్లలు "కొంత మిగిలి ఉంటుంది" అనడం ఎక్కువ. పెద్దవాళ్లమూ అంతే కదా.

"మనం ఇల్లు మారిపోదాం" అంటున్నాడు. ఏం చెప్పాలి?

2015 నవంబరులో పారిస్ దాడుల్లో 130 మంది చనిపోయాక, దాడి జరిగిన చోట్లలో ఒకటైన బాటాక్లాన్ హాలు దగ్గర ఒక టీవీ విలేకరి చిన్న బాబును పలకరించాడు. బాబు నాన్న ఒళ్లో ఉన్నాడు. చెడ్డవాళ్లున్నారు కాబట్టి ఇల్లు మారాలన్నాడు. అక్కర్లేదు, మన ఇల్లు ఇదే అన్నాడు నాన్న. వాళ్ల దగ్గర తుపాకులున్నాయి కదా అన్నాడు బాబు. మన దగ్గర పూలున్నాయి అన్నాడు నాన్న. పూలు ఏం చేయవు కదా అన్నాడు బాబు. చాలామంది పెద్దవాళ్లు ఇక్కడే తడబడతారు. ఆ తండ్రి వాదించలేదు, ఎదురుగా చూపించాడు: అటు చూడు, ఎంతమంది పూలు పెడుతున్నారో. బాబు చూశాడు. కొవ్వొత్తుల గురించి అడిగాడు. పోయినవాళ్లను మరిచిపోకుండా ఉండటానికి అన్నాడు నాన్న. బాబు తనంతట తనే రెండూ కలిపి, పూలూ కొవ్వొత్తులూ మనల్ని కాపాడటానికన్నమాట అని తేల్చుకున్నాడు.

లాజిక్ చూస్తే పూలు తుపాకీని ఆపవు. పిల్లవాడు అడిగింది లాజిక్ కాదు, మన వైపు ఎవరైనా ఉన్నారా అని. మనుషుల్ని చూపించండి, అంబులెన్సు డ్రైవర్ని, నర్సుని, రక్తం ఇవ్వడానికి నిలబడ్డవాళ్లను.

## ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు

"వాళ్లు మన దగ్గరికీ వస్తారా?" అంటే అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా?

"ఎప్పటికీ రారు" అనకండి. ఏదైనా జరిగిన రోజు మీ మాట మీద నమ్మకం పోతుంది. "ఇలాంటివి చాలా అరుదుగా జరుగుతాయి. జరగకుండా చూడటానికి ఎంతోమంది పనిచేస్తున్నారు. ఏదైనా అయితే మనం ఇలా చేస్తాం" అని చెప్పండి. ఆ చివరి వాక్యమే ఈ వయసు పిల్లలకు ముఖ్యం. ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడ కలుసుకోవాలి, స్కూల్లో ఎవరి మాట వినాలి అన్నవి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మావాడు ఒక మతం వాళ్లందరూ టెర్రరిస్టులే అంటున్నాడు. ఇంట్లో ఎవరం అలా మాట్లాడం. ఎక్కడ నేర్చుకున్నాడు?

చాలాసార్లు ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. కేథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య ఏళ్ల తరబడి గొడవలు నడిచిన ఉత్తర ఐర్లాండ్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 352 మందితో మాట్లాడి చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. మూడేళ్లకే జెండాలు, ఊరేగింపుల్లాంటి వాటిలో తమ వర్గానివాటి వైపు మొగ్గు కనిపించింది. ఆరేళ్లకు మూడో వంతు మంది తమను కేథలిక్ లేదా ప్రొటెస్టెంట్ వర్గంలో ఒకదానితో చెప్పుకున్నారు. సుమారు 15 శాతం అవతలివాళ్లను కించపరిచే మాట అన్నారు. అప్పటికి శాంతి ఒప్పందం కుదిరి నాలుగేళ్లయింది. గొడవ ఆగినా మాటలు ఆగలేదు.

పెద్దవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు, ఇంకా ఘోరంగా. 2001లో న్యూయార్క్ దాడి జరిగిన నాలుగో రోజు అరిజోనాలో ఒక సిక్కు వ్యాపారిని, తలపాగా, గడ్డం చూసి, కాల్చి చంపారు.

"అలా అనకూడదు, తప్పు" అని కసిరితే పిల్లవాడు ఆ మాట మీ ముందు అనడం మానేస్తాడు, అంతే. చంపినవాళ్లెవరు అన్న ప్రశ్న పక్కనబెట్టి, చనిపోయినవాళ్లెవరు అని అడగండి. 2014 డిసెంబరు 16న పెషావర్ స్కూల్లో ఉగ్రవాదులు చంపిన 130కి పైగా పిల్లలు ముస్లింలు. చంపినవాళ్లు అదే మతం పేరు చెప్పుకున్నారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో చనిపోయిన 51 మందీ ముస్లింలే. చంపినవాడు ఒక తెల్లజాతి ఆస్ట్రేలియన్. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే చాలు, "మరైతే అందరూ కాదన్నమాట" అని తనే అంటాడు. ఆ మాట మీ నోటితో మీరు అనకండి.

ఎందుకు చంపారంటే "చెడ్డవాళ్లు కాబట్టి" అన్నాను. సరిపోదా?

ఐదేళ్లకు సరిపోతుంది. తొమ్మిదేళ్లకు సరిపోదు, ఎందుకంటే "చెడ్డవాళ్లు" అనే మనుషులు వేరే జాతిగా ఉంటారని తేల్చేసుకుంటారు. "వాళ్లకు ఏదో విషయం మీద చాలా కోపం ఉంది. కోపం ఉండటం నేరం కాదు. దానికోసం సంబంధం లేనివాళ్లను చంపడం నేరం." అన్నీ మీకు తెలియనక్కర్లేదు.

దాడులు తరచూ జరిగేచోట పిల్లలకు అలవాటైపోతుందా?

భయానికి అలవాటు పడరు, దినచర్యకు పడతారు. గాజా సరిహద్దు దగ్గరున్న ఇజ్రాయెల్ పట్టణం స్డెరోట్‌లో సైరన్ మోగాక షెల్టర్ చేరడానికి దొరికేది దాదాపు 15 సెకన్లు. అక్కడి పిల్లలు ఆ పరుగునే ఆటగా ఆడతారు. సరిహద్దుకు అటువైపు గాజాలో పౌరులకు సైరన్లు లేవు, షెల్టర్లూ లేవు. పైన తిరిగే డ్రోన్ చప్పుడుకు అక్కడివాళ్లు "జనానా" అని పేరు పెట్టుకున్నారు, జుమ్మనే మోత అని. ఆ మోతను బట్టి ఎప్పుడు లోపలికి పోవాలో పిల్లలు అంచనా వేసుకుంటారు. ఇద్దరికీ "టెర్రరిస్టు" అంటే ఎవరని అడగండి. వేలు సరిహద్దుకు అవతలివైపే చూపుతుంది. బయట నుంచి చూసి "ఆ పిల్లలు గట్టివాళ్లు" అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. రాత్రి పక్క తడిపే పిల్లవాడు కూడా పగలు గట్టిగానే కనిపిస్తాడు.

## పన్నెండు దాటినవాళ్లు

"మండేలాను కూడా టెర్రరిస్టు అన్నారట కదా" అని నిలదీసింది. ఏం చెప్పాలి?

నిజమేనని ఒప్పుకోండి. నెల్సన్ మండేలాకు 1993లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆయన దక్షిణాఫ్రికా అధ్యక్షుడు కూడా అయ్యారు. అయినా అమెరికా ఉగ్రవాద నిఘా జాబితా నుంచి ఆయన పేరు 2008లో గానీ తీయలేదు. భగత్‌సింగ్‌ను బ్రిటిష్ ప్రభుత్వం టెర్రరిస్టు అంది, దేశం విప్లవవీరుడంది.

"అయితే అంతా చూసేవాళ్లను బట్టే" అని ఈ వయసువాళ్లు ఒక్క గంతులో తేల్చేస్తారు. అక్కడ ఆపండి. ముద్ర ఎవరు వేశారన్నది ఒక ప్రశ్న, చేసిన పని ఏమిటన్నది ఇంకో ప్రశ్న. దాడి ఎవరి మీద జరిగింది, మామూలు జనం చావాలనే చేశారా, వేరే దారి ఉందా, ఈ మూడూ అడిగి చూడమనండి. జవాబులు అన్ని సందర్భాల్లో ఒకటి కావు. చర్చలో మీరు ఓడిపోయినా ఫర్వాలేదు.

దాడి వీడియో ఫోన్‌లో చూసేశాడు. ఇప్పుడేం చేయాలి?

తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే ఇంకోసారి చూసినా మీకు చెప్పడు. క్రైస్ట్‌చర్చ్ దాడిని చేసినవాడే ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. మొదటి 24 గంటల్లో ఆ వీడియో కాపీలు 15 లక్షలు తీసేశామని ఆ కంపెనీ చెప్పింది. వెతక్కపోయినా ముందుకొచ్చి పడే సంఖ్య అది. ఏం చూశావు, ఏది కళ్ల ముందు తిరుగుతోంది అని అడగండి. ఇంకొకరికి పంపొద్దని, ఎందుకు వద్దో చెప్పండి. అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ఆ హంతకుడి పేరు పలకనని ప్రకటించారు. టీనేజర్లకు ఈ ఉదాహరణ బాగా మనసుకెక్కుతుంది.

స్కూల్లో మౌనం పాటించమంటే ఒప్పుకోలేదట. దారి తప్పుతున్నట్టా?

అప్పుడే ఆ నిర్ణయానికి రావొద్దు. పారిస్‌లో షార్లీ హెబ్డో అనే వ్యంగ్య పత్రికపై దాడి జరిగిన మర్నాడు, 2015 జనవరి 8న, ఫ్రాన్స్ బడులన్నిటిలో నిమిషం మౌనం పాటించారు. దాదాపు 200 చోట్ల ఇబ్బంది తలెత్తినట్టు విద్యాశాఖకు సమాచారం వచ్చింది. దాడిని మెచ్చుకున్న పిల్లలు కొందరున్నారు, ఆ సంగతి దాచనక్కర్లేదు. "వీళ్లకే ఎందుకు? ఫలానా చోట చచ్చిపోయిన పిల్లలకు ఎందుకు పాటించలేదు?" అన్నవాళ్లూ ఉన్నారు. మొదటిది ఆందోళన పడాల్సిన విషయం. రెండోది న్యాయం గురించిన ప్రశ్న. రెండిటినీ ఒకే గాటన కడితే రెండోవాళ్లు కూడా మొదటివాళ్ల పక్కన చేరతారు. మౌనం ముందు పది నిమిషాలు మాట్లాడనిస్తే చాలా గొడవలు తగ్గుతాయి.

పిల్లలే దాడులు చేస్తున్నారని విన్నాను. అలాంటివాళ్ల గురించి మా పిల్లలకు ఏం చెప్పాలి?

ఎత్తుకెళ్లి, కొట్టి, బెదిరించి చేయించారని చెప్పండి. 2014 ఏప్రిల్‌లో నైజీరియాలోని చిబోక్ బడి నుంచి బోకోహరాం అనే ఉగ్రవాద సంస్థ 276 మంది అమ్మాయిల్ని ఎత్తుకెళ్లింది. ఆ సంస్థ పిల్లలకు బాంబులు కట్టి జనంలోకి పంపిన ఘటనలూ ఉన్నాయి. సాయుధ దళాలు వాడుకున్న పిల్లల్ని ముందుగా బాధితులుగానే చూడాలని 2007 నాటి పారిస్ సూత్రాలు చెబుతున్నాయి.

## ఘటన జరిగిన తర్వాత

టీవీ వార్తలు ఎంతసేపు చూడనివ్వొచ్చు?

చిన్నపిల్లలకు అసలు వద్దు. ఒకే విమానం ఒకే భవనాన్ని గుద్దడం పదిసార్లు చూపిస్తే, పది భవనాలు కూలాయని అనుకుంటారు. 1995లో ఓక్లహామా సిటీ బాంబు దాడిలో 168 మంది పోయారు, అందులో 19 మంది పిల్లలు. ఆ ఊరికి 100 మైళ్ల దూరంలో ఉన్న ఆరో తరగతి పిల్లల్ని రెండేళ్ల తర్వాత పరిశీలించారు. వాళ్లు బాంబు చప్పుడు కూడా వినలేదు. అయినా ఆ వార్తలు ఎక్కువగా చూసిన, చదివిన పిల్లల్లో మానసిక ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

పెద్ద పిల్లలైతే ఒకసారి, మీ పక్కన కూర్చుని, ఆ తర్వాత ఆపేయాలి. కొన్ని దేశాల్లో పిల్లలకు వేరే వార్తలే ఉన్నాయి. బీబీసీ 1972లోనే న్యూస్‌రౌండ్ మొదలుపెట్టింది, జర్మనీలో 1989 నుంచి లోగో అనే కార్యక్రమం వస్తోంది. అలాంటిది లేనిచోట ఆ పని ఇంట్లో మీరే చేయాలి.

నిద్రలో ఉలిక్కిపడుతోంది. ఎన్నాళ్లు చూడాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

మొదటి కొన్ని వారాలు ఇది మామూలే. 2001 సెప్టెంబరు దాడులు జరిగిన కొద్దిరోజులకే అమెరికా అంతటా చేసిన సర్వేలో 35 శాతం పిల్లల్లో కనీసం ఒక ఒత్తిడి లక్షణం ఉందని తల్లిదండ్రులు చెప్పారు. చాలామందికి అది దానంతటదే తగ్గుతుంది. తగ్గనివాళ్లూ ఉంటారు. ఆరు నెలల తర్వాత న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో 8,236 మందిని పరిశీలిస్తే 28.6 శాతం మందిలో ఆందోళన, కుంగుబాటు లాంటి ఏదో ఒక సమస్య ఉన్నట్టు తేలింది.

నెల దాటినా నిద్ర కుదుటపడకపోయినా, బడి మానేస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, మిమ్మల్ని ఒక్క నిమిషం వదలకపోయినా పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి. ఘటనలో దగ్గరివాళ్లు పోయినవాళ్లయితే నెల ఆగనక్కర్లేదు. ఒక్క మాట: "అంతా చెప్పెయ్, తేలికవుతావు" అని కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించకండి. దానివల్ల మేలు జరగకపోగా కొందరికి చెడే జరుగుతుంది.

బడికి వెళ్లనంటోంది. బడుల మీదే దాడులు జరుగుతున్నాయని ఎవరో చెప్పారట.

ఎవరో చెప్పింది అబద్ధం కాదు. 2004లో రష్యాలోని బెస్లాన్‌లో, బడులు తెరిచే సెప్టెంబరు 1నే పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ బందీలుగా పట్టుకున్నారు. 330 మందికి పైగా చనిపోయారు, సగానికి పైగా పిల్లలే. ఇవి పిల్లకు చెప్పకండి, కానీ "అలాంటివేం లేవు" అని కొట్టిపారేయకండి కూడా. పెషావర్ స్కూలు దాడి తర్వాత నెల తిరక్కముందే, 2015 జనవరి 12న, మళ్లీ తెరిచారు. చాలామంది పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకుని వచ్చారు. మీరూ అలాగే మొదలుపెట్టండి. మొదటి రోజు గేటు దాకా, వీలైతే తరగతి దాకా. సాయంత్రం ఎన్నింటికి వస్తానన్నారో ఆ టైముకు ఐదు నిమిషాల ముందే అక్కడుండండి. ఈ వారంలో ఆలస్యం మాత్రం చేయకండి.

నాకే ఏడుపు ఆగడం లేదు. పిల్లల ముందు ఏడవొచ్చా?

ఏడవొచ్చు. ఎందుకు ఏడుస్తున్నారో చెప్పకుండా మాత్రం ఏడవకండి. "చనిపోయినవాళ్ల గురించి బాధగా ఉంది. కాసేపట్లో తగ్గుతుంది. తర్వాత నీ హోంవర్క్ చూస్తాను" అనండి. తర్వాత నిజంగానే హోంవర్క్ చూడండి.